వణుకు శైలి

నమోదు 1

కళా చరిత్రలో పీజీ చేసేవాళ్ళు ఆఖరి ఏడాది ఒక ప్రదర్శన కట్టాలి. కడుతున్నన్నాళ్ళూ ఇలా నమోదు రాయాలి. దీన్ని ఎవరూ చదవరని నా ముందు బ్యాచీ వాళ్ళు ధైర్యం చెప్పారు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నా పేరు పొన్న. పెళ్ళయింది, అయిదేళ్ళ కూతురుంది. ఇంట్లో వంట నాదే, చదువూ నాదే, రెండూ ఏకకాలంలో మాడిపోతుంటాయి.

ప్రదర్శన పేరు 'వణుకు శైలి: నాలుగు తరాల గీత'. పేరు మొగలి మేడం పెట్టారు. ఆవిడే నా గైడు. మా ఊరు రాతిగూడులో కళా చరిత్ర అంటే ఆవిడే, ఇంకెవరూ లేరు. ఆవిడ సిద్ధాంతం ఇక్కడ బడిపిల్లలకు కూడా కంఠతా వచ్చు. భూమి నుంచి వచ్చిన పెట్టెలో గాజు పలకల మీద పాత బొమ్మలున్నాయి. వాటిలో గీత ఎక్కడా తొణకదు. ఇక్కడ మేం గీసిన ప్రతి బొమ్మలోనూ గీత వణుకుతుంది. ముక్కు గీసినా వణుకే, కుండ గీసినా వణుకే, ఎప్పుడూ చూడని ఏనుగును గీసినా వణుకే. ఎందుకంటే భూమికి దూరమైన దుఃఖం మా చేతుల్లోకి దిగిందని మేడం రాశారు. కళ్ళతో చూడని తల్లి కోసం బెంగపెట్టుకున్న బిడ్డ చెయ్యి అలాగే గీస్తుందట. ఆ పాఠం విన్నరోజు నేను తరగతిలోనే ఏడ్చేశాను. 

బొమ్మలు ఏరడం అయింది. వాటిని ఏ వరసలో పెట్టాలి, జనం ఎటు నుంచి ఎటు నడవాలి అన్నది మాత్రం తేలడం లేదు. పొద్దున ఒక వరస బాగుంటుంది, భోజనం అయ్యాక చూస్తే అదే వరస చిరాగ్గా ఉంటుంది.

ప్రదర్శన తెరిచేరోజునే మా అమ్మాయి ఉసిరికి చేతికట్టు. ఎలాగూ ఊరంతా వస్తారు, కట్టేదీ మేడమే కాబట్టి రెండూ కలిసొస్తాయని మా ఆయన జువ్వి నన్నడక్కుండానే మాటిచ్చేశాడు. అక్షరాలు దిద్దించే రోజున పిల్లల ఎడమ చేతికి గుడ్డ తిత్తి తొడిగి మణికట్టు దగ్గర ముడేస్తాం. కుడి చేత్తో అన్ని అక్షరాలూ వచ్చేదాకా ముడి విప్పం. కొందరికి ఏడాది పడుతుంది, కొందరికి మూడేళ్ళు. ఎక్కడో ఒకరిద్దరు పుట్టుకతోనే కుడిచేతి వాటంతో ఉంటారు. వాళ్ళకు తిత్తి అక్కర్లేదు. వాళ్ళ తల్లులు వీధిలో నడిచే నడకే వేరు. మా ఉసిరి అలాంటిది కాదు. అందరిలాగే పుర్రచేతి పిల్ల.

నమోదు 2

ఇవాళ పులుసు గిన్నె జారి పగిలింది. రాతిగూడులో గిన్నెలు పగలడం వింతేమీ కాదు. మా కుమ్మరి వీధిలో పనికి ఎప్పుడూ కొరత ఉండదు. నేల తుడుస్తూ తలెత్తితే వంటింటి గోడ కనిపించింది.

ఉసిరి మసితో గోడంతా బొమ్మలు వేసింది. నేను కేకలెయ్యడానికి నోరు తెరిచాను, తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఓ పెద్ద చేప. తోక దగ్గర మొదలెట్టి, వీపు మీదుగా మూతిదాకా వెళ్ళి, పొట్ట కిందుగా మళ్ళీ తోకకు వచ్చిన ఒకే గీత. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా వణకలేదు. పీజీ రెండేళ్ళు నేను చేసిన పని గీతల్ని కొలవడమే. ఇలాంటి గీత పెట్టెలోని పలకల మీద తప్ప ఇంకెక్కడా చూడలేదు.

ఏ చేత్తో వేశావని అడిగాను. పిల్ల భయపడి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. తిట్టనని ఒట్టేస్తే, ఎడమ చెయ్యి మెల్లగా ముందుకు తెచ్చింది. వేళ్ళ నిండా మసి.

జువ్వి ఇంటికొచ్చి గోడ చూసి నవ్వాడు. తిత్తి తొడిగాక గోడలు శుభ్రంగా ఉంటాయిలే అన్నాడు. అతను గాలి గొట్టాలు బిగించే పనిలో ఉన్నాడు. బయట గాలి లేని చోట బతికేవాళ్ళకు గొట్టాల మీద ఉన్నంత శ్రద్ధ గోడ మీద బొమ్మల మీద ఉండదు, నేనూ తప్పుపట్టను. కానీ చేపను తుడవడానికి నాకు చెయ్యి రాలేదు. గోడకు అడ్డంగా బియ్యపు డబ్బా జరిపాను.

నమోదు 3

ఒక పొరపాటు జరిగింది. పొరపాటు నాది కాదు, మేడంది. అందుకే ఎలా రాయాలో తెలియడం లేదు.

ఉసిరి చేత ఆ చేపనే కాగితం మీద మళ్ళీ వేయించాను. ఎడమ చేత్తోనే. ప్రదర్శనకు ఏరిన బొమ్మల కట్టలో ఆ కాగితం కూడా ఉంది. దాచాలని పెట్టలేదు, చూపించాలనీ పెట్టలేదు. మేడం ఒక్కొక్క బొమ్మా తిరగేస్తూ చేప దగ్గర ఆగారు. ఆవిడకు డెబ్బై దాటాయి, అయినా గీతను చూసే చూపు ఏమాత్రం తగ్గలేదు.

“ఇది భూమి గీత. పలక మీంచి దించావా? ఏ పలకో నాకు గుర్తు రావట్లేదే.”

మా అమ్మాయి వేసిందని చెప్పాను. మేడం నవ్వారు. నేను నవ్వలేదు. ఏ చేత్తో అని అడిగితే ఆ సంగతీ చెప్పాను. ఆవిడ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసి, చిన్నపిల్లలకు దుఃఖం తెలియదు కదా, అందుకే వణుకు రాలేదు, చేతికట్టు అయ్యాక మళ్ళీ వేయించి చూద్దాం అన్నారు.

మాట బాగానే ఉంది. ఇంటికొచ్చేదాకా బాగానే ఉంది. ఇంటి ముందు ఇంకా చేతికట్టు కాని పిల్లలు నేల మీద గీతలు గీసుకుంటున్నారు. అందరూ ఎడమ చేత్తోనే. నేను పనిమానుకుని వాళ్ళ మధ్య కూర్చున్నాను. వాళ్ళలో ఒకడు పగలంతా ఏడుస్తూ ఉంటాడు, వాడికి తెలియని దుఃఖం లేదు. వాడి గీత కూడా వణకలేదు.

దుఃఖం తిత్తిలోంచి వస్తుందా అని నాకు అనుమానం వచ్చింది. 

నమోదు 4

ఇవాళ జరిగింది రాయాలంటే మా చిత్రశాల గురించి రెండు ముక్కలు రాయక తప్పదు.

మా ముత్తాతలు భూమి నుంచి మనుషులుగా రాలేదు, పిండాలుగా వచ్చారు. ఇక్కడ వాళ్ళను పొదిగి పెంచింది దాది అనే యంత్రం. దాది ఇప్పటి చిత్రశాల హాల్లో అడ్డంగా ఒక పల్చని తెర కట్టి, తెరకు అవతల దీపం వెలిగించి, గాజు పలకల మీది బొమ్మలు దాని మీద వేసి చూపించేది. అవతలి వైపు పైకప్పుకు పగులుంది, గాలి నిలిచేది కాదు. అందుకని మధ్యలో గాజు అడ్డుగోడ ఉండేది, పిల్లలు ఇవతల కూర్చునేవాళ్ళు. తెర మీద అన్నం తింటున్న స్త్రీ బొమ్మ పడితే దాది గొంతు “కుడి చేత్తో తింటున్న స్త్రీ” అని చెప్పేది. పిల్లలు ఆ చెయ్యి చూసి, తమ చెయ్యి చూసుకుని, ఆ చేత్తోనే ముద్ద కలిపారు. చీర కట్టడం, దణ్ణం పెట్టడం, మేళం వాయించడం, అన్నీ అలాగే నేర్చుకున్నారు. అక్షరాలు మాత్రం భూమి పుస్తకాల్లోంచి నేర్చుకున్నారు. దాది ఎప్పుడో ఆగిపోయింది. పలకల పెట్టె అవతలే ఉండిపోయింది, దీపం మాత్రం ఇప్పటికీ వెలుగుతుంది. మేమూ ఇవతలే కూర్చుని చూస్తాం. అది మాకు ఆచారం.

ఈ ఏడు నా ప్రదర్శనకు చోటు చాలదని, అవతలి వైపు పగులు పూడ్చి, గాలి గొట్టం వేసి, గాజు అడ్డుగోడ తీసేశారు. గొట్టం వేసింది జువ్వే. దుమ్ము దులపడానికి ఇవాళ నేను మొదటిసారి తెరకు అవతల అడుగుపెట్టాను.

దీపం వెలుగుతోంది. తెర మీద అన్నం తింటున్న స్త్రీ ఉంది. చిన్నప్పట్నుంచీ చూస్తున్న బొమ్మే. కానీ ఆవిడ ఎడమ చేత్తో తింటోంది.

ఎవరో పలక తిరగేశారని ఒళ్ళు మండింది. చీపురు పక్కన పెట్టి ఇవతలికి పరిగెత్తాను. ఇవతల నుంచి చూస్తే కుడి చేత్తోనే తింటోంది. మళ్ళీ అవతలికి వెళ్ళాను. ఎడమ. మళ్ళీ ఇవతలికి. కుడి. మూడోసారి తిరిగేసరికి నాకు ఆయాసమొచ్చి, తెర అంచు పట్టుకుని కూర్చుండిపోయాను. తెర పల్చన, అటూ ఇటూ ఒకే బొమ్మ తిరగబడి కనిపిస్తుందని చెప్పడానికి పీజీ అక్కర్లేదు. నాకు అర్థం కానిది అది కాదు. రెండింట్లో సరైన వైపు ఏది?

మన వైపే సరైనదని నాకు నేను చెప్పుకుని, మీట నొక్కి తరవాతి పలక వేశాను. అద్దకం బట్ట వచ్చింది. దాని అంచున మెలికలు తిరిగిన తీగ ఉంటుంది. రాతిగూడులో పెళ్ళికూతురి చీర అంచుకు ఆ తీగే కుడతారు. నా చీరకూ ఉంది. అవతలి నుంచి చూస్తుంటే ఆ తీగ తీగలా లేదు. మొదటి మెలిక 'ఎ' లా ఉంది. పక్కన సున్నా ఉంది. కళ్ళు నులుముకుని, ఉసిరి రేపు చదవబోయేట్టుగా ఒక్కో అక్షరమూ కూడబలుక్కుని చదివాను.

ఎండలో ఆరవేయరాదు.

నమోదు 5

బుర్ర తిరిగిపోతోంది. రాయడానికి కూర్చుంటే 'కుడి' అన్న మాట రాసి, దాన్ని చూస్తూ ఉండిపోతున్నాను.

అద్దకం పనివాడెవరో బట్ట పాడవకుండా ఒక మాట రాసుకున్నాడు. అది తెర ఇవతల నుంచి తీగలా కనిపించింది. అక్షరాలు తిన్నగా కనిపించే వైపే బొమ్మకు సరైన వైపు. అంటే అవతలి వైపు. అంటే మా ముత్తాతలు బొమ్మ వీపు చూసి నేర్చుకున్నారు. నేను ఎడమ అనుకుంటున్న ఈ చెయ్యే భూమి మీద కుడి. మాట కూడా చేతితోపాటే మారిపోయింది కాబట్టి నాలుగు తరాలు ఎవరికీ అనుమానం రాలేదు.

అనుమానం రావలసిన చోట్లు లేకపోలేదు. భూమి వైద్య గ్రంథంలో గుండె ఎడమ వైపు ఉంటుందని రాసుంది. మా గుండెలన్నీ కుడి వైపే ఉన్నాయి. ఇక్కడికి వచ్చాక మన గుండె చోటు మారిందని మాకు బళ్ళో చెప్పారు. వలస దుఃఖమే కారణమని అక్కడా రాశారు. నేను ఆ పాఠానికి ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాను కూడా. ఇప్పుడు అద్దం ముందు నిలబడి గుండె మీద చెయ్యి పెట్టుకుంటే ఏడవాలో నవ్వాలో తెలియడం లేదు. అద్దంలో ఇంకా తికమక, అక్కడ మళ్ళీ తిరగబడుతుంది.

నిఘంటువు తీశాను. కుడి అంటే ఎడమ కానిది అని ఉంది. ఎడమ అంటే కుడి కానిది అని ఉంది. నిఘంటువును గోడకేసి కొట్టాలనిపించింది.

పుట్టగొడుగులు తరిగేటప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. కత్తి ఎడమ చేత్తో పట్టుకుని చూశాను. ముక్కలన్నీ సమానంగా తెగాయి. ఎవరో చూసినట్టు సిగ్గేసి కత్తి కింద పెట్టేశాను.

జువ్వితో చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు, అది ఒప్పుకోవాలి. వినేసి, గూడులో ప్రతి మరా, ప్రతి తలుపు గడియా, ప్రతి కుళాయీ మనం కుడి అనే చేతికే చేసుకున్నాం, ఒక్క పిల్ల ఇంకో చేత్తో పెరిగితే ప్రతి తలుపు దగ్గరా తడుముకుంటుంది అన్నాడు. బళ్ళో దాన్ని ఏమని పిలుస్తారో నీకు తెలుసు కదా అన్నాడు. నాకు తెలుసు. పక్క వీధిలో తిత్తి సరిగ్గా పట్టని ఒకతన్ని ముప్పై ఏళ్ళొచ్చినా ఇంకా పుర్రోడనే పిలుస్తున్నారు.

“నువ్వు చెప్పింది నిజమే అనుకుందాం పొన్నా. నిజమైతే మాత్రం దాని బతుకు సుఖంగా ఉంటుందా?”

 ఉసిరి మంచం కింద కూర్చుని ఎడమ చేత్తో ఇంకో చేప వేస్తోంది.

నమోదు 6

మేడంని అవతలికి తీసుకెళ్ళాను. ముందుగా ఏమీ చెప్పలేదు. చెప్పబోతే నాలిక మడతపడుతుందని భయం.

ఆవిడ తెర ముందు నిలబడి అన్నం తింటున్న స్త్రీని చూశారు. పలక తిరగేశావు, సరిగ్గా పెట్టు అన్నారు. నేను పలక ముట్టలేదని చెప్పి అద్దకం బట్ట వేశాను. ఆవిడ పెదవులు కదలడం మొదలెట్టాయి. ఒకసారి చదివారు. దగ్గరికెళ్ళి తెరను వేలితో తాకుతూ ఇంకోసారి చదివారు.

“నా పెళ్ళి చీరకు ఆ తీగ మా అమ్మ కుట్టింది. కళ్ళు పోయేట్టు కుట్టింది.” తెర మీంచి వేలు తీసి మళ్ళీ అన్నారు. “ఎండ ఎలా ఉంటుందో కూడా మనకి తెలీదు కదే.”

కూర్చోమని బల్ల జరిపాను. కూర్చోలేదు. నేను అనుకున్నంతా ఆవిడ నోటినుంచే ఒక్కొక్కటిగా వచ్చింది. తెర, చెయ్యి, మాట, గుండె. నా కన్నా చురుగ్గా లెక్క తేల్చుకుంటున్నారు. ఆవిడ ముందుకు వెళ్తున్నకొద్దీ నాకు దడ ఎక్కువైంది, ఎందుకంటే ఆ దారి చివర ఏముందో నాకు తెలుసు.

“మరి వణుకు?” అని అడిగారు.

నేను నేల చూశాను.

“చెప్పు పొన్నా. నీ పిల్ల గీత చూసి భూమి గీత అన్నది నేనే కదా. మనందరి గీతా ఎందుకు వణుకుతోంది?”

“చెయ్యి మార్చారు మేడం. అందరికీ.”

మేడం దీపం ఆపమని సైగ చేశారు. చీకట్లో చేత్తో తడుముకుంటూ తెర పక్కనుంచి బయటికి వెళ్ళిపోయారు. చెయ్యందిస్తే పట్టుకోలేదు. ముప్పై ఏళ్ళు ఆవిడ రాసిందంతా నేను ఒక్క మాటతో తుడిచేశాను. ఆ మాట ఆవిడే అడిగి చెప్పించుకున్నారు. 

నమోదు 7

మేడం రావడం లేదు. ఇంటికి వెళ్తే నిద్రపోతున్నారని చెప్పారు. రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ నిద్రేనట. తప్పు చేశానేమో అనిపిస్తుంది. చెప్పకపోతే ఇంకా పెద్ద తప్పేమో అని వెంటనే అనిపిస్తుంది. ఒక నిర్ణయానికి వస్తాను, పళ్ళెం కడిగేలోపు మార్చుకుంటాను.

పెద్దల సభ నుంచి కబురు. బొమ్మల కింద వివరణ చీటీలు ఎక్కడ అని అడిగారు. రాద్దామని కూర్చున్నాను. 'ఎడమ నుంచి రెండో బొమ్మ' అని రాశాను. కొట్టేశాను. 'కుడి నుంచి' అని రాశాను. కొట్టేశాను. 'వలస దుఃఖాన్ని వ్యక్తం చేసే వణుకు' అన్న మేడం వాక్యాన్ని రాయబోతే కలం కదల్లేదు. 'పిల్లల చెయ్యి కట్టేయడం వల్ల వచ్చిన వణుకు' అని రాయాలంటే అసలు చెయ్యే రాలేదు. ఆ బొమ్మలు నాకు ప్రాణం. కారణం ఏదైనా, ఆ వణికే గీతలు చూస్తే నాకు ఇప్పటికీ మనసు కరుగుతుంది. అది కూడా తప్పేనా?

చీటీలన్నీ చింపేశాను. ప్రదర్శనకు వివరణ ఉండదు. మా బొమ్మలన్నీ చుట్టూ గోడలకు. మధ్యలో తెర. తెర మీద అద్దకం బట్ట. బల్లలు సగం ఇవతల, సగం అవతల. జనం ఇటు కూర్చుని చూసి, లేచి వెళ్ళి అటు కూర్చుని చూస్తారు. ఏం చూశారో వాళ్ళే చెప్పుకుంటారు. ప్రదర్శన కట్టడం అంటే చెప్పకుండా చూపించడం అని మొదటి ఏడు మేడం చెప్పారు. ఇలాంటి పనికి వాడుకుంటానని ఆవిడ అనుకుని ఉండరు.

ఇంటికొస్తే ఉసిరి చేతికి తెల్లటి తిత్తి ఉంది. జువ్వి కుట్టించి తెచ్చాడట, సరిపోయిందో లేదో తొడిగి చూస్తున్నాడు. వేళ్ళు కనిపించకుండా చెయ్యి ముద్దలా ఉంది. అది ఆటబొమ్మనుకుని పిల్ల మురిసిపోతోంది, దాంతో నా చెంప మీద నిమిరింది. తిత్తి అంచుకు తీగ కుట్టించాడు. జువ్వి ఎంత ముచ్చటపడి కుట్టించాడో మొహంలో తెలుస్తోంది. విప్పెయ్యమని అరవాలనిపించింది.  రేపు ఆ ముడి పడితే మళ్ళీ విప్పేది నా చేతుల్లో ఉండదు. పడకపోతే పిల్ల ఊళ్ళో ఒంటరిదవుతుంది. ఏది చేస్తే తల్లిని అవుతానో నాకు తెలియడం లేదు.

నమోదు 8

ప్రదర్శన అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

జనం వచ్చారు, అలవాటుగా ఇవతల కూర్చున్నారు. అవతల కూడా బల్లలున్నాయని చెబితే కొందరు నవ్వారు, కొందరు ఆచారం తెలీని పిల్ల అని నొసలు చిట్లించారు. ఒకావిడ వెళ్ళింది. వెళ్ళినావిడ ఎంతకీ రాలేదు. చివరికి తెర వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది. ఎండలో, ఆరవేయరాదు. ఎవరు రాశారిది అని అడుగుతోంది. ఇంకో నలుగురు వెళ్ళారు. తరవాత అందరూ ఒక్కసారే అటు పడ్డారు. తెర ఊగిపోయింది. తమ చీర అంచులు ఎత్తి దీపం దగ్గర పెట్టి చూసుకుంటున్నారు. తన చేతులు రెండూ పైకెత్తి పట్టుకుని తెర అటూ ఇటూ తిరుగుతున్నాడొకాయన. నన్ను తిట్టినవాళ్ళున్నారు. నా దగ్గరికి వచ్చి, నిజం చెప్పమ్మా మా గుండె ఎటుంది అని మెల్లగా అడిగినవాళ్ళున్నారు. నాకు తెలియదని చెప్పాను. ఎటుందో తెలుసు, దాన్ని ఏమనాలో తెలియదు.

ఆ గందరగోళంలో మొగలి మేడం వచ్చారు. చిక్కిపోయారు. గోడల మీద బొమ్మలన్నీ ఒక్కొక్కటీ ఆగి చూశారు. చీటీలు లేవన్నది గమనించారు. నేరుగా వెళ్ళి చేతికట్టు పీట ముందు కూర్చున్నారు. కొత్త గొడవలెన్ని ఉన్నా కార్యం ఆగకూడదని ఎవరో అన్నారు. జనం చుట్టూ మూగారు. ఇసుక పళ్ళెం పెట్టారు. జువ్వి ఉసిరిని ఎత్తుకొచ్చి పీట మీద కూర్చోబెట్టాడు.

ఉసిరి ఎవరూ చెప్పకుండానే ఎడమ చెయ్యి చాపింది. ఇంట్లో అలవాటు చేయించాం కదా. బుద్ధిమంతురాలని అందరూ మెచ్చుకుంటారని దాని ఆశ. ఆ చిన్న చెయ్యి అలా గాల్లో ఉండడం చూశాక నాకింక ఏ ఆలోచనా మిగల్లేదు. ఎడమ చేతికి కట్టొద్దని అందామనుకున్నాను. కానీ ఏది ఎడమ? ఆ మాట నోట్లోనే చచ్చిపోయింది. ముందుకు వెళ్ళి పిల్ల చేతిని నా రెండు చేతుల్లో పట్టుకున్నాను.

“ఈ చేతికి వద్దు మేడం.”

జువ్వి నా వైపు చూశాడు. 

“ఇంకో చేతికా?” అని అడిగారు మేడం.

“ఏ చేతికీ వద్దు.”

మేడం తిత్తిని ఒళ్ళోకి తీసుకున్నారు. ఆవిడ కోప్పడతారని అనుకున్నాను. ఆవిడ కోప్పడితే జనం అంతా ఆవిడ వైపు ఉంటారు, ముడి పడిపోతుంది, అప్పుడు పిల్లను ఎత్తుకుని పారిపోవాల్సిందే అని కూడా అనుకున్నాను. ఆవిడ తిత్తి కుట్లు పళ్ళతో తెంపి, గుడ్డను పొడుగ్గా చేశారు. తన చెయ్యి చాపారు. పుస్తకాలన్నీ రాసిన చెయ్యి, మేం కుడి అనే చెయ్యి. దాని చుట్టూ గుడ్డ చుట్టుకుని నా ముందు పెట్టారు.

“ముడి గట్టిగా వెయ్యి పొన్నా. లేకపోతే అలవాటు కొద్దీ విప్పేసుకుంటాను.”

వేశాను. ముడి రెండుసార్లు జారింది. నాకు ఏడుపొచ్చింది. అది దుఃఖమో, సంతోషమో, ఆవిడ మీద జాలో ఇప్పటికీ తెలియదు. జనంలో ఎవరో ఆవిణ్ణి ఆపబోయారు. జువ్వి వాళ్ళ భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. అతను ఎందుకలా చేశాడో నేను ఇంకా అడగలేదు.

మేడం ఇంకో చేతి వేలు ఇసుకలో పెట్టి 'అ' రాశారు. అది 'అ' లా లేదు. గోడల మీద ఉన్న ఏ బొమ్మలోనూ అంత వణుకు లేదు. ఆవిడ దాన్ని చూసుకుని, డెబ్బై ఏళ్ళకు ఇక ఈ చెయ్యీ రాదులే అన్నట్టు తలాడించారు.

ఉసిరికి ఇదంతా ఆటలా ఉంది. పీట మీంచి ముందుకు వంగి, “అలా కాదు బామ్మగారూ” అని పక్కనే, తిత్తి తప్పిన ఆ చేత్తోనే ఒక 'అ' రాసింది. నిన్న నేను నేర్పిందే. గుండ్రంగా, ఆగకుండా వచ్చింది.

మేడం దాన్ని చూశారు. తరవాత తన 'అ' ను అరచేత్తో చెరిపేసి, మళ్ళీ మొదలుపెట్టారు.